కోట కూలినది, అక్షరము నిలిచినది

చరిత్ర అనగానే మన కనుల ముందు కోటలు నిలుస్తాయి. గోలకొండ, ఓరుగల్లు, కొండవీడు, దౌలతాబాదు - ఇవన్నీ శతాబ్దాల తరబడి ఎండకు ఎండి, వానకు తడిసి, రాజవంశాల ఉత్థానపతనాలను కన్నులారా చూచిన రాతి దుర్గాలు. వాటిని గూర్చి వ్రాసినవారు ఎందరో ఉన్నారు. మేము ఈ వ్యాసంలో ప్రస్తావింపదలచినది అట్టి మహాదుర్గాన్ని కాదు; గట్టిగా నాలుగేళ్ళు మాత్రమే బ్రదికిన ఒక చిన్న కర్రకోటను. అది మన దేశంలోనిది కాదు. ఉత్తర అమెరికా ఖండంలో, అపలాచియన్ పర్వతాలకు ఆవల, చెరోకీ జాతి ప్రజల గడ్డమీద ఆంగ్లేయులు కట్టిన లౌడన్ కోట అది. అల్పాయుష్కమైన ఆ కోట కథలో మనవంటి వారు, ముఖ్యంగా ఒకే కళాశాలలో రెండు భాషలను, రెండు లిపులను కాపాడుకొంటున్న మనము, నేర్వదగిన పాఠం ఒకటున్నదని మా విశ్వాసం.

మొదట కథను చెప్పుకొందాము. క్రీ. శ. 1756లో ఇంగ్లాండు, ఫ్రాన్సు దేశాల మధ్య ఏడేండ్ల యుద్ధం ప్రారంభమైంది. అమెరికాలో ఈ రెండు దేశాల వలసలు అంతకు ముందే కత్తులు దూసుకొన్నాయి. సముద్రతీరాన ఆంగ్లేయులు, మిసిసిపీ నదీ ప్రాంతాన ఫ్రెంచివారు. నడుమ కొండలలో, లోయలలో చెరోకీలు. వారి మైత్రి ఎవరికి దక్కితే వారికి బలం. ఆంగ్లేయులు తమ పక్షాన పోరాడవలసినదిగా చెరోకీలను కోరారు. చెరోకీ పెద్దలు ఒక న్యాయమైన ప్రశ్న వేశారు: మా యువకులు మీ యుద్ధానికి వస్తే మా ఊళ్ళలోని ఆడవారికి, బిడ్డలకు, వృద్ధులకు రక్ష ఎవరు? అందుకు సమాధానంగా దక్షిణ కెరొలైనా ప్రభుత్వం చిన్న టెనెస్సీ నది ఒడ్డున, చోటా, టనాసీ, టస్కీగీ గ్రామాల చేరువలో, కోట కట్టడానికి అంగీకరించింది. అనగా ఆ కోట పుట్టుక ఆక్రమణలో లేదు, ఒక మాటలో ఉన్నది. ఈ విషయాన్ని పాఠకులు మరువరాదని మా మనవి.

అదే యుద్ధం అదే సంవత్సరాలలో మన తెలుగు నేలమీద కూడా సాగింది. 1758 డిసెంబరులో పిఠాపురం సమీపాన చందుర్తి వద్ద కర్నల్ ఫోర్డు సేనలు ఫ్రెంచివారిని ఓడించాయి. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట ఆంగ్లేయుల వశమైంది. మే నెలలో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ వారితో సంధి చేసికొన్నాడు. లండన్‌లోను, పారిస్‌లోను కూర్చున్నవారు వేసిన ఎత్తులకు కృష్ణా ముఖద్వారంలోని మనిషి, టెనెస్సీ లోయలోని మనిషి ఒకే కాలంలో మూల్యం చెల్లించారు. ఒకరి ఉనికి ఒకరికి తెలియదు. అయినా ఇద్దరినీ ఒకే చేయి కదిపింది. కనుక ఇది ఎవరో పరాయివారి కథ అనుకొనుట సరికాదు.

కోట నిర్మాణం 1756 చివర ప్రారంభమైంది. ఇంజనీరు డి బ్రామ్ జర్మనీ దేశంలో పుట్టినవాడు. కోటను నాలుగు మూలల నాలుగు బురుజులతో రూపొందించి, చుట్టూ కందకం త్రవ్వించి, అందులో ముండ్లచెట్లు నాటించాడు. పన్నెండు చిన్న ఫిరంగులను గుర్రాల మీద కట్టి కొండలు దాటించి తెచ్చారు. అయితే ఆ ఇంజనీరుకు, సేనానాయకుడైన కెప్టెన్ రేమండ్ డెమెరేకు క్షణం పడలేదు. ఆ డిసెంబరులోనే, కోట పూర్తి కాకుండగనే, ఇంజనీరు వెడలిపోయాడు. మిగిలిన పని 1757లో ముగిసింది. ఆ యేడే రేమండ్ స్థానంలో అతని సోదరుడు పాల్ డెమెరే అధికారానికి వచ్చాడు. ఇంగ్లీషు సర్వసేనాని లౌడన్ ప్రభువు పేరు కోటకు పెట్టారు. వర్జీనియా ప్రభుత్వం కూడా అదే ప్రాంతంలో మరొక కోట కట్టించింది గాని, అందులో కాపలా ఉంచడానికి ఒక్క సైనికుని కూడా పంపలేదు. మాట ఇచ్చుట ఎంత తేలిక, నిలుపుకొనుట ఎంత బరువు అన్నదానికి ఆ ఖాళీ కోటయే తొలి సాక్ష్యం.

మొదటి రెండేళ్ళు కోటకు, గ్రామాలకు నడుమ స్నేహమే సాగింది. చెరోకీలు మొక్కజొన్న తెచ్చి అమ్మేవారు. జింక చర్మాలకు బదులు తుపాకిమందు, వస్త్రాలు తీసికొనేవారు. కొందరు సైనికులు చెరోకీ స్త్రీలను వివాహమాడారు. అయితే చెడుగు కోటలో పుట్టలేదు, దూరాన పుట్టింది. 1758లో చెరోకీ యోధులు ఆంగ్లేయుల పక్షాన డ్యూకేన్ కోట మీది దండయాత్రకు వెళ్ళారు. అక్కడ తమకు తగిన గౌరవం దక్కలేదని నొచ్చుకొని తిరిగి వస్తూండగా దారిలో వర్జీనియా సరిహద్దు జనం వారిలో పలువురిని చంపారు. శత్రువుల తలచర్మాలకు ప్రభుత్వం ప్రకటించిన బహుమానం కోసం మిత్రుల తలలనే ఒలిచారు. చెరోకీల ధర్మంలో చంపబడినవాని బంధువులు ఊరకుండరాదు. 1759లో వారు సరిహద్దు వలసదారులపై పగ తీర్చుకొన్నారు. దోషులూ, నిర్దోషులూ కలిసి మరణించారు.

ఆ తరుణంలో మంటను ఆర్పడానికి చెరోకీల ప్రతినిధివర్గం ఒకటి యుద్ధనాయకుడు ఒకొనొస్టోటాతో కలిసి చార్లెస్టన్ నగరానికి బయలుదేరి వెళ్ళింది. శాంతి కోరి వచ్చిన ఆ రాయబారులను గవర్నరు లిటిల్టన్ నిర్బంధించాడు. వారిని తన సేన వెంట నడిపించి ప్రిన్స్ జార్జి కోటలో బందీలుగా ఉంచాడు. వలసదారులను చంపినవారిని అప్పగిస్తేనే వీరిని విడుస్తానన్నాడు. కొందరు పెద్దలు విడుదలైనా, ఇరవైకి పైగా మనుషులు ఒక చిన్న గదిలో మిగిలిపోయారు. 1760 ఫిబ్రవరి 16న ఒకొనొస్టోటా ఆ కోట అధికారిని మాటలాడే నెపంతో వెలుపలికి రప్పించి, పొంచియున్నవారిచేత కాల్పించాడు. ఆగ్రహించిన సైనికులు లోనున్న బందీలను అందరినీ చంపివేశారు. మన పెద్దలు రాయబారి ప్రాణం పవిత్రమన్నారు. ఉర్దూలో అమానత్ అని ఒక గొప్ప మాట ఉన్నది. ఒకరు నమ్మి మన చేతిలో పెట్టినది మనది కాదు, దానిని చెక్కుచెదరకుండా తిరిగి అప్పగించుట మన ధర్మం అని దాని భావం. ఆ దినాన రెండు పక్షాల చేత కూడా అమానత్ భంగమైంది.

ఇక లౌడన్ కోట వంతు వచ్చింది. మార్చి నెలలో చెరోకీలు దానిని ముట్టడించారు. లోపల సుమారు 180 మంది సైనికులు, వారితో స్త్రీలు, పిల్లలు. అపలాచియన్ కొండలు దాటి సహాయం రావాలి. కర్నల్ మాంట్గొమరీ సేన వచ్చి దిగువ గ్రామాలను తగులబెట్టింది గాని, జూన్ 27న ఎకోయీ అనే చోట చెరోకీలు అడ్డుకొనగా వెనుకకు మరలిపోయింది. కోటలో ఆహారం అడుగంటింది. మొక్కజొన్న గింజలు కొలిచి పంచుకొన్నారు. గుర్రాలను కోసి తిన్నారు.

ఈ ఘట్టంలో చరిత్రకారులు ఒకటి రెండు వాక్యాలతో దాటిపోయే ఒక విషయం మా మనస్సును మిక్కిలి ఆకర్షించింది. సైనికులను వివాహమాడిన చెరోకీ స్త్రీలు ముట్టడిని లెక్కచేయక కోటలోనికి ఆహారం తీసికొనిపోయారు. వారి నాయకుడొకడు చంపుతానని బెదిరించాడు. వారు నవ్వి, మా భర్తలకు అన్నం పెట్టుట మా విధి, నీవు మమ్ము చంపితే మా బంధువులు నీ ప్రాణం తీసి తమ న్యాయం తీర్చుకొంటారు అన్న అర్థం వచ్చే సమాధానం ఇచ్చారట. కొద్దికాలం తరువాత ఆ ప్రాంతానికి వచ్చిన లెఫ్టినెంటు టింబర్లేక్ తన అనుభవాల గ్రంథంలో ఈ సంగతి వ్రాశాడు. గవర్నర్లు, సేనానులు కట్టిన ఒప్పందాలన్నీ భంగమైన చోట, ఏ కాగితం మీదా లేని ఒప్పందాన్ని ఈ పేరులేని ఇల్లాండ్రు నిలబెట్టారు. ఆ కోట చరిత్రలో అసలైన వీరత్వం ఎక్కడున్నదని మమ్ము అడిగితే, ఫిరంగుల దగ్గర కాదు, వారి తలమీది గంపలో ఉన్నదని మేము చెప్తాము.

చివరకు ఆగస్టు 7న కోట లొంగిపోయింది. ఫిరంగులు, మిగిలిన తుపాకిమందు చెరోకీలకు అప్పగించాలి. సైనికులు తమ ఆయుధాలతో క్షేమంగా వెళ్ళవచ్చును. నడువలేనివారికి గ్రామాలలో ఆశ్రయం ఇస్తారు - ఇవి షరతులు. 9వ తేదీన కోట ఖాళీ అయింది. కాని వెళ్ళేముందు ఆంగ్లేయులు కొంత మందును, గుండ్లను భూమిలో దాచిపెట్టినట్లు తెలియవచ్చింది. మరునాటి ఉదయం, కేన్ క్రీక్ అనే వాగు దగ్గర విడిది చేసిన సేనను చెరోకీలు చుట్టుముట్టారు. పాల్ డెమెరేతో సహా పాతిక ముప్పది మంది మరణించారు, మిగిలినవారు బందీలయ్యారు. మరణించినవారి సంఖ్య ఇంచుమించు ప్రిన్స్ జార్జి కోటలో చంపబడిన బందీల సంఖ్యకు సరిపోయింది. ఆ లెక్క యాదృచ్ఛికం కాదని పలువురు చరిత్రకారుల అభిప్రాయం.

ఆ నెత్తురులో నుంచి ఒకే ఒక అధికారి, కెప్టెన్ జాన్ స్టువర్ట్, ప్రాణాలతో బయటపడ్డాడు. అతనిని కాపాడినవాడు అట్టకుల్లకుల్ల అనే చెరోకీ పెద్ద. ఈయన 1730లోనే లండన్ వెళ్ళి వచ్చినవాడు; పొట్టివాడు, సన్ననివాడు. రాజకీయాలలో భిన్న పక్షాలను కీలుకు కీలు కలిపి అతికించగల నేర్పరి కనుక ఆంగ్లేయులు ఆయనను చిన్న వడ్రంగి అని పిలిచేవారు. తన తుపాకి, తన బట్టలు సమస్తం ఇచ్చివేసి స్టువర్ట్‌ను విడిపించుకొని, వేటకు పోతున్న నెపంతో అడవుల గుండా వర్జీనియా సేనల దగ్గరకు చేర్చాడు. తన వారి చేతిలో ఓడిన శత్రువును తన స్నేహితుడు గనుక కాపాడిన మనిషి అతడు.

ఇంగ్లీషు గ్రంథాలలో కొన్ని ఈ ఉదంతానికి లౌడన్ కోట ఊచకోత అని పేరు పెట్టాయి. ఆ పేరుతో మాకు పేచీ ఉన్నది. కేన్ క్రీక్ వద్ద జరిగినది ధర్మమని మేము చెప్పము. లొంగినవారిని చంపుట ఎవరు చేసినా అధర్మమే. కాని కథను ఆగస్టు 10వ తేదీన మొదలుపెట్టుట న్యాయం కాదు. వర్జీనియా దారిలో చంపబడిన మిత్రులతో, నిర్బంధింపబడిన రాయబారులతో మొదలుపెట్టాలి. చివరి దెబ్బ కొట్టినవాని పేరు మాత్రమే గ్రంథంలో మిగులుతుంది. మొదటి మాట తప్పినవాని పేరు చెరిగిపోతుంది. చరిత్ర విద్యార్థి ప్రతి ఘటనను గూర్చి ముందుగా వేయవలసిన ప్రశ్న ఇది: ఈ కథను ఏ తేదీ నుంచి మొదలుపెట్టారు? అట్లా మొదలుపెట్టుట ఎవరికి అనుకూలం? మన దేశంలోని కలహాల చరిత్రను చదివేటప్పుడు కూడా ఈ ప్రశ్న మనకు మిక్కిలి అవసరం.

1761లో జేమ్స్ గ్రాంట్ నాయకత్వాన వచ్చిన ఇంగ్లీషు సేన పదునైదు చెరోకీ గ్రామాలను, సుమారు 1,400 ఎకరాల మొక్కజొన్న పంటను తగులబెట్టింది. ఆ యేటి చివర సంధి కుదిరింది. లౌడన్ కోటలోనికి ఆంగ్లేయులు మరల రాలేదు. గోడలు కూలి, కందకం పూడి, ముండ్లకంపలు మొలిచాయి. కోట కథ అంతటితో ముగిసింది.

కాని ఆ స్థలం కథ ముగియలేదు. కోటకు ఆనుకొనియున్న టస్కీగీ గ్రామంలోనే 1770 తరువాతి సంవత్సరాలలో సెక్వోయా అనే శిశువు జన్మించాడు. పెరిగి పెద్దవాడై వెండిపని, కమ్మరిపని చేశాడు. అతనికి ఇంగ్లీషు చదవను, వ్రాయను రాదు. తెల్లవారు కాగితం మీది గీతల ద్వారా దూరానున్నవారితో మాటలాడుట చూచి, మన భాషకు మాత్రం ఆ శక్తి ఎందుకుండరాదని యోచించాడు. సుమారు పండ్రెండేళ్ళు శ్రమించాడు. మొదట మాటకు ఒక గుర్తు చొప్పున పెట్టబోయి, అవి వేలకు వేలు అవుతాయని గ్రహించి మానుకొన్నాడు. తరువాత తన భాషలోని పలుకులను విరిచి చూచాడు. అప్పుడతనికి రహస్యం తెలిసింది: భాషలో మాటలు అనంతం, పలుకులోని ముక్కలు స్వల్పం. 1821 నాటికి ఎనుబదియారు అక్షరాల లిపి సిద్ధమైంది. తరువాత అందులో ఒకటి వాడుక తప్పింది. పెద్దలు నమ్మకపోగా, తన చిన్నారి కుమార్తెకు నేర్పి, ఆమెచేత చదివించి నిరూపించాడు.

ఈ లిపిని గూర్చి తెలుగు విద్యార్థి, ఉర్దూ విద్యార్థి కలిసి ఆలోచిస్తే ఎంతో సంతోషం కలుగుతుంది. తెలుగులో క అన్నప్పుడు హల్లు, అచ్చు కలిసియే ఉన్నాయి. గుణింతంతో అదే అక్షరం కా, కి, కీ అవుతుంది. ఉర్దూలో హల్లులు ఒకదానినొకటి చేయి పట్టుకొని నడుస్తాయి. జబర్, జేర్, పేష్ అనే హ్రస్వ స్వరాల గుర్తులను సాధారణంగా వ్రాయరు, చదువరి భాషాజ్ఞానానికే విడిచిపెడతారు. సెక్వోయా లిపిలో ప్రతి పలుకుకు వేరు వేరు రూపం. క కు, కి కి పోలిక ఉండదు. మూడు లిపులు, మూడు మార్గాలు. మూడింటి గమ్యం ఒకటే: తల్లి నోటి మాటను కాలం చేతికి చిక్కకుండా దాచుట.

చెరోకీలు ఆ లిపిని ఆశ్చర్యకరమైన వేగంతో నేర్చుకొన్నారు. 1828 ఫిబ్రవరి 21న చెరోకీ ఫీనిక్స్ అనే పత్రిక వెలువడింది. ఒకే పత్రికలో చెరోకీ, ఇంగ్లీషు రెండూ ఉండేవి. ఈ సంగతి చదివినప్పుడు మాకు మన కళాశాల వార్షిక సంచికయే గుర్తుకు వచ్చింది. ఒకవైపు నుంచి తెలుగు పుటలు, మరొకవైపు నుంచి ఉర్దూ పుటలు బయలుదేరి నడుమ కలుసుకొనుట మనకు అలవాటైన దృశ్యం. రెండు భాషలు ఒకే కుట్టులో ఇమడగలవని చెప్పేందుకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

కొందరు మిత్రులు ఇక్కడ ఒక ఆక్షేపణ చేయవచ్చును. అక్షరం చెరోకీలను కాపాడినదా? 1830లో తరలింపు చట్టం వచ్చింది. 1835లో జార్జియా రక్షకదళం ఆ పత్రిక ముద్రణ యంత్రాన్ని స్వాధీనపరచుకొన్నది. 1838-39 సంవత్సరాలలో చెరోకీలను సైనికులు ఇళ్ళ నుంచి వెడలగొట్టి పడమటికి తరలించారు. ఆ కన్నీటి బాటలో సుమారు నాలుగు వేల మంది మరణించారని అంచనా. నిజమే, అక్షరం తుపాకిని ఆపలేదు. మేము అసత్యం చెప్పి ఎవరినీ ఊరడింపము. అయితే క్రొత్త ప్రదేశంలో చెరోకీలు మొట్టమొదట చేసిన పనులలో పాఠశాలలు నెలకొల్పుట, 1844లో మరల ఒక పత్రికను ప్రారంభించుట ఉన్నాయి. కోటను మూపున మోసికొని పోలేము. లిపిని తలలో మోసికొని పోవచ్చును. నేల పోయినా జాతి జాతిగా మిగిలినది అందువల్లనే. ఈనాటికీ ఓక్లహోమాలోను, ఉత్తర కెరొలైనాలోను ఆ అక్షరాలతో పిల్లలకు చదువు చెప్తున్నారు.

ఇక ఆ లోయ చివరి అధ్యాయం. అక్కడ టెలికో ఆనకట్ట కట్టబూనగా, స్నెయిల్ డార్టర్ అనే వ్రేలెడు చేప నశిస్తుందని వ్యాజ్యం నడిచి, 1978లో అమెరికా సుప్రీంకోర్టు పనిని నిలుపుచేసింది. 1979లో వారి పార్లమెంటు ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చింది. ఆ నవంబరులో తలుపులు మూశారు. తమ పూర్వుల సమాధులున్న పుణ్యస్థలాలు మునుగుతున్నాయని చెరోకీలు వేసిన దావా నెగ్గలేదు. ఒక రాష్ట్రానికే పేరు నిచ్చిన టనాసీ గ్రామం, చోటా గ్రామం నీట మునిగాయి. కోట స్థలాన్ని మాత్రం మట్టి పోసి ఎత్తు చేసి, దానిపై క్రొత్త కర్రకోటను నిర్మించి సందర్శకులకు చూపుతున్నారు. నాలుగేళ్ళ కోట తేలింది. తరతరాల ఊళ్ళు మునిగాయి. నాగార్జునకొండను ఎరిగిన మనకు ఈ దృశ్యం క్రొత్త కాదు. అక్కడ కూడ విహారాలను, స్తూపాలను తరలించి కొండపై నిలుపుకొన్నాము. ఊళ్ళు వదలి వెళ్ళిన రైతుల జ్ఞాపకాలను ఏ మ్యూజియంలో నిలిపినాము? ఆనకట్టలు వద్దని మా వాదం కాదు. దేనిని ఎత్తు చేసి కాపాడుకొంటామో, దేనిని నీటికి వదలుతామో, ఆ ఎంపికలోనే మన విలువలు బయటపడతాయని మాత్రమే మా మనవి.

చోటాలో త్రవ్వకాలు జరిపినప్పుడు ఒకొనొస్టోటా సమాధి బయటపడింది. దానిని గుర్తించడానికి తోడ్పడిన వస్తువులలో ఆయనతో పాతిపెట్టిన కళ్ళజోడు ఒకటి. ముట్టడి నడిపిన ఆ యుద్ధనాయకుని వెంట చివరి వరకు ఉన్నది కళ్ళజోడు అన్న సంగతి మమ్ము చాలాసేపు ఆలోచింపజేసింది.

అల్పసంఖ్యాకుల మనస్సులో భయం కలిగినప్పుడు రెండు కోరికలు పుట్టుట సహజం. ఒకటి, చుట్టూ గోడ కట్టుకొని లోపల కూర్చుండుట. రెండవది, తన గుర్తులన్నీ విడిచిపెట్టి ఎవరికీ కనబడకుండా కలిసిపోవుట. మొదటిది లౌడన్ కోట మార్గం: గోడ ఎంత గట్టిదైనా, ఇరుగుపొరుగుతో మాట చెడిన నాడు లోపలివారికి ఆకలియే మిగులుతుంది. రెండవది మన ఇళ్ళలోనే నడుస్తున్నది. అమ్మతో ఉర్దూ మాటలాడే బిడ్డ అమ్మ వ్రాసిన ఉత్తరం చదువలేడు. తెలుగులో కలలు కనే బిడ్డ తన పేరును తెలుగులో వ్రాయడానికి తడబడతాడు. ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలంటే నేర్చుకొనండి, తప్పక నేర్చుకొనండి. సెక్వోయా కూడా ఇంగ్లీషు అక్షరాల రూపాలు కొన్ని తీసికొని తన ధ్వనులకు వాడుకొన్నాడు. అరువు తెచ్చుకొనుటలో అవమానం లేదు. ఉన్నది పారవేయుటలో ఉన్నది.

కావున విద్యార్థి సోదర సోదరీమణులకు మా విజ్ఞప్తి ఇది. ఈ సంచికలో మీకు తెలిసిన పుటలు చదివిన తరువాత దానిని త్రిప్పి రెండవవైపు నుంచి తెరవండి. అక్కడి లిపి మీకు రాకపోతే మీ ప్రక్క బల్లమీది మిత్రుని అడగండి. అతడు మీకు అలిఫ్, బే నేర్పును. మీరతనికి అ, ఆ నేర్పండి. ఇచ్చిన మాటను అమానత్‌గా కాపాడుకొనండి. మీ ఇంటి పెద్దల నోటిలోనున్న కథను ఒక్కటైనా వారి భాషలో, వారి లిపిలో వ్రాసిపెట్టండి. గోడలు కట్టినవారి పేర్లు వెదకవలసి వస్తున్నది. అక్షరాలు కట్టినవాని పేరును ఈనాటికీ పిల్లలు అతడు నేర్పిన అక్షరాలలోనే వ్రాస్తున్నారు.